ఎనిమిది చేతులు

మా బడిలో ఏ నిర్ణయమైనా కళ్ళు మూసుకునే జరిగేది. వెటకారానికి అనడం లేదు, నిజంగానే. హెడ్మాస్టరు వరప్రసాదం సారు ఉదయగిరి బాప్టిస్టు సంఘంలో పెద్ద. చర్చి ఉజ్జీవ కూటాల్లో ప్రసంగీకుడు "తలలు వంచండి, కళ్ళు మూసుకోండి, తీర్మానం చేసుకున్నవాళ్ళు చెయ్యెత్తండి" అంటాడు చూడండి, సారు బడిని కూడా అదే పద్ధతిలో నడిపేవాడు. వార్షికోత్సవం ఏ నెలలో పెట్టాలి, యూనిఫాం రంగు మార్చాలా వద్దా, అన్నిటికీ తల్లిదండ్రులు కళ్ళు మూసుకుని చేతులెత్తాల్సిందే. సారు ఒక్కడే కళ్ళు తెరిచి లెక్కపెట్టేవాడు. పక్కవాడి మొహం చూసి చెయ్యెత్తే అలవాటు మనవాళ్ళకు ఎక్కువ కాబట్టి ఇదే న్యాయమని ఆయన నమ్మకం. హిందువులు, ముస్లిములు కూడా దానికి అలవాటుపడిపోయారు.

2020 ఫిబ్రవరిలో పిల్లల్ని దుబాయి పంపాలా వద్దా అన్నది కూడా అలాగే తేలింది.

మా బడిలో చదివి దుబాయిలో ఉద్యోగాలు చేసుకుంటున్న పాత విద్యార్థులు కొందరు, బడి పెట్టి నూరేళ్ళయిన సందర్భంగా తొమ్మిదో తరగతి పిల్లల్ని పదిహేడు మందిని ఐదు రోజులు తీసుకెళ్ళి అన్నీ చూపిస్తామన్నారు. టిక్కెట్లు, బస అంతా వాళ్ళదే. మార్చి మూడో వారంలో ప్రయాణం. పాస్‌పోర్టులు వచ్చేశాయి. ఆత్మకూరు వెళ్ళి చక్రాల పెట్టెలు కొనుక్కోవడం కూడా అయిపోయింది. అప్పుడు మొదలయింది టీవీలో ఆ జబ్బు గోల.

నేను ఆ బడిలో సైన్సు చెప్తాను. నా పేరు సుజన. మా ఆయన డేవిడ్‌రాజు ఆత్మకూరు డిపోలో బస్సు కండక్టరు. మాకు పిల్లలు లేరు. ఆ పదిహేడు మందిలో ఒకతి, మా అక్క రెబెకమ్మ కూతురు సారా, మా దగ్గర పెరిగింది. మా బావ చనిపోయిన ఏడాదే అక్క దుబాయిలో ఒకరింట్లో పనికి వెళ్ళింది. అప్పటికి సారాకు ఏడేళ్ళు. ఆ ఇంట్లో మంచాన పడ్డ ముసలామెను కనిపెట్టుకుని ఉండడం అక్క పని. నువ్వు వెళ్తే మా అమ్మ అన్నం ముట్టదని ఇంటి యజమానురాలు ప్రతి ఏడూ సెలవు వాయిదా వేసేది. అలా ఇంకో ఏడేళ్ళు. సారాకు తల్లి అంటే శుక్రవారం ఫోనులో కనిపించే మనిషి.

"నా భుజం దాకా వచ్చిందా అది?" అని అక్క ఒక శుక్రవారం అడిగింది.

"నా భుజం దాటిపోయింది," అన్నాను.

"నీ భుజం లెక్కేందిలే, పొట్టిదానివి. ఏయ్ సారా, ఆ గోడకి ఆనుకో, చూడనీ."

సారా ఫోనును కిటికీలో నిలబెట్టి గోడకు ఆనుకుంది. నవ్వాలా వద్దా అని తెలియక చేతులు వెనక్కి పెట్టుకుంది. అక్క ఫోనుకు ముఖం దగ్గరగా పెట్టి చూసింది.

"మేడమ్ నాలుగు గంటలు వదుల్తానన్నాదే," అంది. "నేనొచ్చి మీ హోటలు కాడ కూర్చుంటా. నువ్వు ఒంటెల్నీ గింటెల్నీ చూసుకోని నిదానంగా రా. నేను ఆడనే ఉంటా."

"నేను ఒంటెల్ని చూడనులేమ్మా," అంది సారా.

తీసుకురావాల్సినవి కూడా అక్క చెప్పింది. కారప్పొడి, చింతకాయ తొక్కు, రెండు ఉదయగిరి చెక్క గరిటెలు. ఇనప గరిటెతో వాళ్ళ గిన్నెలు గీతలు పడుతున్నాయని రోజూ మాట పడుతోందట. నేను మర్నాడే కొండ కింద గరిటెలు చెక్కే వాళ్ళ దగ్గరికి వెళ్ళి మంచివి ఏరి తెచ్చాను. అప్పటికి నా మనసులో ఏ వంకరా లేదు. ఈ మాట నేను ఎక్కడైనా గట్టిగా చెప్పగలను.

వారం తర్వాత ఒకరోజు తలనొప్పిగా ఉంటే మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. ఆరోజు శుక్రవారం కాదు. సారాకు బడి ఉన్నా, పరీక్షకు చదువుకుంటానని ఇంట్లోనే ఉండిపోయింది. వెనక గదిలో నుంచి అక్క గొంతు వినిపించింది.

"ఈడ మనోళ్ళ పిల్లకాయలు చదివే స్కూలుండాది. మేడమ్ వాళ్ళాయనతో మాట్లాడతానన్నాది. నిన్ను కళ్ళారా చూస్తే ఒప్పుకుంటాది. జూన్ నించి నా కాడనే ఉండొచ్చు. పిన్నికి ఇప్పుడే చెప్పబాక, బాధపడుద్ది."

"ఊ," అంది సారా.

నేను చెప్పులు విడవకుండానే మళ్ళీ వీధిలోకి వెళ్ళి, కాసేపు నిలబడి, గేటు గట్టిగా చప్పుడు చేసుకుంటూ లోపలికి వచ్చాను. సారా ఫోను పెట్టేసి పుస్తకం ముందేసుకుని ఉంది. నాకు ఒళ్ళు మండింది. కూతురు తల్లి దగ్గరికి వెళ్తే నీకేమిటి నొప్పి అని నన్ను నేనే అడిగాను. జడ వేసుకోవడం నేర్పింది నేను, చికెన్‌పాక్స్ వస్తే పన్నెండు రోజులు వేపాకుల మీద పడుకోబెట్టింది నేను, ఇవన్నీ లోపల లోపల అప్పచెప్పుకున్నాను. మా ఇంట్లో నాకే నేను అసహ్యంగా కనిపించిన మొదటి రోజు అది.

ఆ రాత్రి అన్నం తింటూ డేవిడ్‌రాజు దుబాయి మాట ఎత్తాడు. మా ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. రోజంతా బస్సులో అరిచి అరిచి ఇంటికొచ్చేసరికి గొంతు ఉండదు.

"పంపుదాం," అన్నాడు. "మాస్కు కట్టి పంపు. నాలుగ్గంటలు తల్లిని చూసుకోనీ."

"నేను వద్దంటినా?"

"అన్లా. పంపుదామని గూడా అన్లా," అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

మర్నాడు స్టాఫు రూములోకి రాజమోహన్ వచ్చాడు. ఆయనకు ఆత్మకూరులో బియ్యం మిల్లు, చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో భూములు. బడి తల్లిదండ్రుల కమిటీకి పెద్ద కూడా ఆయనే. కూతురు సుస్మిత మా సారాకు జతగత్తె.

"చైనాలో ఎవురికో జలుబు చేస్తే ఉదయగిరోళ్ళు ముక్కు తుడుచుకోవాల్నా సార్?" అన్నాడు కుర్చీ లాక్కుంటూ. "నా కూతురు పెట్టె సర్ది వారమైంది. రోజూ తీస్తాది, మళ్ళీ సర్దుతాది."

"ఇప్పుడు దుబాయిలో గూడా కొంతమందికి వచ్చిందంట గదయ్యా," అన్నాడు వరప్రసాదం సారు.

"మన దేశంలో రాలేదా? కేరళలో రాలేదా? అట్లని కేరళోళ్ళు ఇళ్ళలో దాక్కోనుండారా?"

సారు నా వైపు తిరిగాడు. "సుజనమ్మా, నువ్వు సైన్సు టీచరువి. నీ బిడ్డ పోతాది, మీ అక్క ఆడనే ఉండాది. నీ మాటైతే ఎవురూ తప్పు పట్టరు. శనివారం మీటింగులో ఈ జబ్బేందో నువ్వు చెప్పు. పెంచబాక, తగ్గించబాక. ఉన్నదున్నట్టు చెప్పు."

శనివారం మధ్యాహ్నం పెద్ద హాలులో కూర్చున్నాం. పిల్లలు పెద్దవాళ్ళ పక్కనే. ఇంటికి ఒకే చెయ్యి, పిల్లలు ఎత్తకూడదు. సారా తరఫు చెయ్యి నాది.

నేను లేచి మాట్లాడాను. ఉన్నదున్నట్టే చెప్పాను, దానికి దేవుడే సాక్షి. ఇది మామూలు జలుబు కాదు గానీ ఎంత ప్రమాదమో ఇంకా తేలలేదన్నాను. పిల్లలకు పెద్దగా ప్రమాదం లేదంటున్నారు గానీ వాళ్ళ ద్వారా ఇంట్లో ముసలివాళ్ళకు అంటవచ్చన్నాను. వెళ్ళేటప్పుడు తెరిచి ఉన్న విమానాశ్రయం వచ్చేటప్పుడు కూడా తెరిచే ఉంటుందని ఎవరూ పూచీ ఇవ్వలేరన్నాను. ఏమీ జరగకపోవడానికే అవకాశం ఎక్కువని కూడా అన్నాను. ఎవరో ఒక తల్లి, "అట్లయితే పంపాల్నా, వద్దా? ఒక్క మాట చెప్పండి మేడమ్," అని అడిగింది. అది మీ ఇష్టమని కూర్చున్నాను.

"అందరూ తలలు వంచండి," అన్నాడు సారు. "కళ్ళు మూసుకోండి. ఎవురి మొహమూ ఎవురూ చూడబాకండి."

"ఇదేమన్నా ఉజ్జీవ కూటమా సార్, బహిరంగంగా ఎత్తితే పోలా?" అన్నాడు రాజమోహన్.

"మీ చెయ్యి చూసి సగం హాలు ఎత్తుద్దయ్యా. మూసుకోండి."

జనం నవ్వారు. రాజమోహన్ కూడా నవ్వి తల వంచాడు.

"పదిహేడిళ్ళు. తొమ్మిది చేతులు లేస్తే పిల్లలు పోతారు. లేవకపోతే ఆగిపోతారు. పంపాలనుకున్నోళ్ళు కుడిచెయ్యి ఎత్తండి."

చొక్కాల గరగర, గాజుల చప్పుడు వినిపించాయి. నా పక్కన సారా ఊపిరి వినిపించింది. నా చెయ్యి ఒళ్ళో నోటుపుస్తకం మీద ఉంది. ఎత్తాలనుకుంటే ఎత్తగలిగేదాన్నే. నేను చెప్పిన మాటలే రేపు నిజమైతే అన్నది ఒక ఆలోచన. జూన్ నుంచి నా కాడనే అన్న అక్క గొంతు ఇంకొకటి. సారు లెక్కపెట్టి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టినట్టున్నాడు. చాలాసేపు పట్టింది. అంతసేపూ నా చెయ్యి అక్కడే ఉంది.

"దించండి. కళ్ళు తెరవండి," అన్నాడు సారు. "ఎనిమిది."

నేను తలెత్తేసరికి ఆయన చూపు నా మీద ఉంది. వెంటనే తిప్పేసుకున్నాడు.

సుస్మిత అక్కడే ఏడ్చేసింది. రాజమోహన్ ఎవరినో తిడుతూ, ఎవరిని తిట్టాలో తెలియక పంచె సర్దుకుంటూ వెళ్ళిపోయాడు. తల్లులు నా చుట్టూ చేరారు. "పాపం, మీ అక్కను చూసేది బిడ్డ. మీ చెయ్యి లేచే ఉంటాదిలే మేడమ్. మా భయాలు మాయి, ఏం జేసేది," అని ఒకామె నా చెయ్యి పట్టుకుంది. నేను తలూపాను. ఆ తల ఊపడం మాత్రం ఉన్నదున్నట్టు చెప్పడం కిందికి రాదు.

సాయంత్రం అక్క తనే ఫోన్ చేసింది. నేను వంటగదిలో ఉన్నాను. సారా ముందుగదిలో మాట్లాడుతోంది.

"లేదమ్మా. వద్దనుకున్నారు. ఒక్క చెయ్యి తక్కువైంది."

అక్క ఏమందో వినపడలేదు.

"పిన్ని ఎత్తిందమ్మా," అంది సారా. "మిగతావోళ్ళే ఎత్తలా."

కూర గిన్నె దించి, కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్ళాను. అప్పుడు చెప్పేయాల్సింది. పిల్ల ఊహించుకుని చెప్తోంది, కళ్ళు మూసుకుని ఉన్నది కదా అనుకున్నాను. సారా ఫోను నాకిచ్చింది.

"ఏడవబాకే సుజనా," అంది అక్క. నేను ఏడవడం లేదు. "నువ్వు చేసేది చేసినావు. నీకు నేనంటే ఎంతో నాకు తెల్దా? పోన్లే. వచ్చే ఏడు నేనే వస్తా. ఈసారి మేడమ్ కాళ్ళు పట్టుకోనైనా వస్తా."

"గరిటెలు ఎవరైనా వస్తుంటే పంపిస్తా," అన్నాను. నాకు ఆ మాటే దొరికింది.

నెల తిరక్కుండా దేశమంతా తాళం పడింది. బస్సులు డిపోలో ఆగిపోయాయి, డేవిడ్‌రాజు లుంగీ కట్టుకుని వాకిట్లో కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. నేను ఊళ్ళో గొప్పదాన్నయిపోయాను. మూతికి కొంగు చుట్టుకుని వచ్చి గేటు బయట నుంచే దణ్ణం పెట్టి పోయిన తల్లులున్నారు. రాజమోహన్ మిల్లు నుంచి బియ్యం బస్తా తెప్పించి వాకిట్లో దించాడు.

"ఆరోజు మీరట్ట చెప్పబట్టి సరిపోయింది మేడమ్. లేకపోతే నా బిడ్డ ఇప్పుడు ఆడ చిక్కుకోనుండేది. నేను బుద్ధి లేకుండా ఎగిరినాను," అన్నాడు.

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఏమీ అనిపించలేదు. ఆ బియ్యం మేం తిన్నాం.

ఏప్రిల్‌లో అక్క చూసుకునే ముసలామెకు జ్వరం వచ్చింది. ఇంట్లో వాళ్ళంతా పైఅంతస్తులోకి వెళ్ళిపోతే గదిలో ఆమె, అక్క మిగిలారు. పది రోజులకు ముసలామె పోయింది. ఆ శుక్రవారం అక్క ఫోనులో దగ్గి, "ఏం లేదే, గొంతు గరగర," అంది. తర్వాతి శుక్రవారం వీడియో వద్దని మామూలు ఫోన్ చేసింది. సారాతో మూడు మాటలు మాట్లాడి, ఆయాసంగా ఉంది పెట్టేస్తానంది. ఆ తర్వాత ఆసుపత్రిలో చేర్చారని తెలిసింది. ఏ ఆసుపత్రో సరిగ్గా చెప్పేవాళ్ళు లేరు.

మే నెలలో ఒక గురువారం పదకొండు గంటలప్పుడు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. సీతారామపురం నుంచి వెళ్ళి అక్క పక్కింట్లో పనిచేసే పెంచలమ్మ.

"రెబెకమ్మక్క పోయిందమ్మా. పొద్దన్నే. నన్ను చూడనీలా," అని బావురుమంది.

నేను బియ్యం కడుగుతున్నాను. ఫోను పెట్టేసి, కడిగిన బియ్యం మళ్ళీ కడిగాను. నీళ్ళు వంపి మళ్ళీ పోశాను. డేవిడ్‌రాజు వచ్చి గిన్నె చేతిలో నుంచి తీసుకున్నాడు. సారాకు ఆయనే చెప్పాడు.

"ఆడనే మట్టిలో పెట్టేస్తారా?" అని అడిగింది సారా.

"ఆడనేమ్మా."

అది తీగ మీద బట్టలు తెచ్చి మంచం మీద కూర్చుని మడత పెట్టింది. నా చీరలు, మా ఆయన చొక్కాలు, తన స్కూలు రిబ్బన్లు కూడా. ఏడవలేదు. నేనూ ఏడవలేదు. ఇంట్లో ముగ్గురం వేళకు తిన్నాం, వేళకు పడుకున్నాం. ఏం వండానో ఒక్కరోజుది కూడా గుర్తు లేదు.

ఆదివారం వరప్రసాదం సారు ప్రార్థన చేయడానికి వచ్చాడు. ఐదుగురికి మించి చేరకూడదని వాకిట్లోనే నిలబడ్డాడు. ముఖానికి తెల్ల జేబురుమాలు కట్టుకున్నాడు. ప్రార్థన అయ్యాక, వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగాడు.

"నువ్వు చేసింది తప్పు కాదమ్మా. పదిహేడు మంది బిడ్డల సంగతి అది," అన్నాడు గొంతు తగ్గించి. "ఆరోజు నేను చూసింది నాతోనే పోద్ది. నువ్వు దిగులు పెట్టుకోబాక."

ఆయన మంచికే అన్నాడు. నాకు మాత్రం ఆ గేటు పట్టుకుని అరవాలనిపించింది. నన్ను తిట్టండి సార్, జబ్బుకు భయపడి కాదు నేను ఎత్తనిది అని అరవాలనిపించింది. మంచిది సార్ అన్నాను. ఆయన రుమాలు సర్దుకుంటూ వెళ్ళిపోయాడు.

జూన్ వచ్చింది. బడులు తెరవలేదు. డేవిడ్‌రాజుకు తెలిసిన వాళ్ళు తోటలో రాలిన చింతకాయలు ఒక గోతం పంపించారు. ఆయన బయటికి వెళ్ళాడు. సారా, నేను వసారాలో కూర్చుని పెంకు ఒలిచి గింజలు తీస్తున్నాం. అది రాయి మీద పెట్టి చిన్న సుత్తితో కొడుతోంది, నేను ఈనెలు లాగుతున్నాను. చెప్పాలని నేను అనుకోలేదు. నోట్లో నుంచి వచ్చేసింది.

"ఆ రోజు మీటింగులో నేను చెయ్యెత్తలా సారా."

సుత్తి ఆగలేదు.

"తెలుసు," అంది. "నేను కళ్ళు మూసుకోలా."

నా వేళ్ళు చింతపండులో ఉన్నాయి. తీయలేదు.

"మరి మీ అమ్మతో ఎత్తిందని చెప్పినావే?"

"ఇంకేం చెప్పాల?" అంది సారా, తలెత్తకుండానే. "ఆడ అమ్మకి ఎవురుండారు? నువ్వు గూడా వద్దన్నావని తెలిస్తే ఆ ఇంట్లో అమ్మ ఎట్టుంటాది?"

ఆ మాటతో నాకు అప్పుడొచ్చింది ఏడుపు, నెలన్నర తర్వాత. చింతపండు చేతులతో ముఖం తుడుచుకోలేక అలాగే కూర్చున్నాను. సారా దగ్గరికి రాలేదు, లేచి వెళ్ళిపోలేదు.

"ఆడికి పోతే నేను నీ కాడికి తిరిగి రాననుకున్నావా పిన్నీ?" అని అడిగింది.

జబ్బు అని చెప్పొచ్చు. పదిహేడు మంది పిల్లలని చెప్పొచ్చు. ఊరంతా ఒప్పుకున్న జవాబులవి.

"అవును," అన్నాను.

సారా ఇంకో చింతకాయ రాయి మీద పెట్టింది.

"వచ్చేదాన్నే," అంది. "జూన్‌లో పోను, నేను పిన్ని కాడనే ఉంటానని అమ్మకి చెప్దామనుకున్నా. ఫోన్లో చెప్తే ఏడుస్తాదని, ఎదురుగా కూర్చోబెట్టుకోని చెప్దామనుకున్నా."

మళ్ళీ సుత్తి అందుకుని కొట్టసాగింది. గోతంలో ఇంకా సగానికి పైగా కాయలున్నాయి.